మెట్ల మధ్య నుయ్యి

పోయినేడాది వేసవిలో ఒక స్నేహితురాలి కోసం ఒక ఇంగ్లీషు వ్యాసం అనువాదం చేస్తానని ఒప్పుకున్నాను. ఇటాలియన్ రచయిత ప్రిమో లెవి మరణం గురించిన వ్యాసం. నాలుగు పేజీలు బాగానే సాగాయి. ఐదో పేజీలో, ఏ అలంకారమూ లేని ఒక మామూలు వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను. 1987 ఏప్రిల్ 11, శనివారం ఉదయం, టురిన్ నగరంలో తను పుట్టిన ఇంట్లోనే, మూడో అంతస్తు నుంచి లెవి స్టెయిర్‌వెల్‌లో పడి చనిపోయాడు. అంతే వాక్యం.

"మెట్ల మీంచి పడి చనిపోయాడు" అని రాశాను మొదట. మళ్ళీ చదివితే తేడాగా అనిపించింది. తెలుగులో మెట్ల మీంచి పడటమంటే ముసలాయన కాలు మడతపడి నాలుగు మెట్లు దొర్లడం. తుంటి ఎముక విరగడం. కొట్టేసి, "మూడో అంతస్తు నుంచి పడి" అని మార్చాను. ఇప్పుడు ఆయన బాల్కనీలోంచి వీధిలోకి పడ్డట్టుంది. "మూడో అంతస్తు నుంచి కిందికి దూకి" అంటే వాక్యం తెలుగులో చక్కగా కుదురుతుంది, పేపర్లో చదివినట్టే ఉంటుంది. కానీ మూలంలో ఆ మాట లేదు. అసలు ఆ మాట వేయొచ్చా లేదా అన్నదే ఆ వ్యాసమంతా.

ఒక్క నామవాచకం లేకపోవడం వల్ల నేను తీర్పు చెప్పాల్సి వస్తోందని అప్పుడు అర్థమైంది. మెట్ల వరసల మధ్య, కింద నుంచి పైకప్పు దాకా నిలువుగా ఉండే ఆ ఖాళీకి పేరుంటే, "అందులో పడ్డాడు" అని ఊరుకోవచ్చు. పేరు లేదు కాబట్టి ఎలా పడ్డాడో చెప్పాలి.

మా పిన్ని కొడుకు సివిల్ ఇంజనీరు. వాడికి ఫోన్ చేశాను. "మన అపార్ట్‌మెంట్లలో అది ఉండదక్కా. మనవన్నీ డాగ్ లెగ్. ఒక వరస ఎక్కి, వెనక్కి తిరిగి, రెండో వరస. రెండిటి మధ్యా చెయ్యి కూడా పట్టదు. మధ్యలో ఖాళీ వదిలితే దాన్ని ఓపెన్ వెల్ అంటాం. స్క్వేర్ ఫీట్లు దండగ కదా, ఎవరు వదుల్తారు?" అన్నాడు. నవ్వొచ్చింది. ఎందుకంటే మా ఊళ్ళో రైతులకి ఓపెన్ వెల్ అంటే బోరు కాని బావి. మోటారు షాపులో "ఓపెన్ వెల్లా, బోర్ వెల్లా?" అని అడుగుతారు. వాడి డ్రాయింగులో ఉన్నదీ, మా పొలంలో ఉన్నదీ ఒకటే మాట. అది కాక తెలుగు పాఠకుడికి తెలిసిన వెల్ ఇంకొకటుంది, శాసనసభలో. సభ్యులు వారానికోసారి అందులోకి దూసుకెళ్తుంటారు.

సరే, వేరేవాళ్ళు ఏమంటున్నారో చూద్దామని నిఘంటువుల్లో పడ్డాను. అనువాదం ఎగ్గొట్టడానికి ఇంతకంటే మర్యాదైన దారి లేదు. ఫ్రెంచి వాళ్ళు మెట్లుండే ఆ మొత్తం నిర్మాణాన్ని పంజరం అంటారు, మెట్ల పంజరం. మధ్యలో ఉన్న ఖాళీని మాత్రం విడిగా ‘జూర్’ అంటారు. జూర్ అంటే పగలు, వెలుతురు. పైకప్పు అద్దంలోంచి వెలుగు దిగే చోటు కాబట్టి కావచ్చు, సందు అనే అర్థమూ ఆ మాటకి ఉంది. జర్మన్‌లో మెట్లుండే భాగం మెట్ల ఇల్లు, మధ్యలో ఖాళీ మెట్ల కన్ను. రష్యన్‌లోనూ పంజరమే. లెవి సొంత భాషలో అది ‘ట్రోంబా దెల్లే స్కాలే’. ట్రోంబా అంటే బాకా. మెట్ల బాకా! సుడిగాలిని కూడా ఇటాలియన్లు గాలి బాకా అనే అంటారు. చుట్టలు చుట్టుకుంటూ పోయే గొట్టం ఆకారం అనుకుంటే రెండూ కుదురుతాయి. తెలుగులో బాకా అనగానే ఎవడో ఎవడికో ఊదేది గుర్తొస్తుంది కాబట్టి అది మనకి పనికిరాదు.

ఇంగ్లీషువాడి వెల్ కథ నాకు అన్నిటికంటే నచ్చింది. ఆ మాటకి పాత అర్థం గొయ్యి కాదు, ఊట. నేలలోంచి ఉబికి పైకొచ్చే నీళ్ళు. కళ్ళలో నీళ్ళు ఉబికాయి అనడానికి ఇప్పటికీ ఆ మాటే క్రియగా వాడతారు. ఊట నుంచి ఊటబావి, బావి నుంచి బావిలాంటి నిలువు ఖాళీ ఏదైనా. పైకి ఉబికే నీటి పేరు చివరికి మనుషులు కిందికి పడే చోటుకి వచ్చి చేరింది.

మన బావి సంస్కృతం వాపి నుంచి వచ్చింది. గుజరాత్‌లో వావ్, ఢిల్లీలో బావలీ, తెలంగాణలో బాయి, అన్నీ ఆ ఇంటివే. మనకి మెట్లకీ బావికీ ఇంకో రకమైన చుట్టరికం ఉంది. దిగుడుబావి. బావిలో మెట్లుంటాయి, మెట్లలో బావి ఉండదు. హైదరాబాద్ బన్సీలాల్‌పేటలో ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయిన దిగుడుబావిని తవ్వి తీసి 2022లో తెరిచారు. ఆ మధ్య ఒక సాయంత్రం వెళ్ళి కూర్చున్నాను. పిల్లలు ఒక్కో మెట్టూ దిగుతూ లెక్కపెడుతున్నారు. స్టెయిర్‌వెల్‌ని మెట్లబావి అంటే నా పాఠకుడు ఇక్కడికొచ్చి కూర్చుంటాడు, టురిన్‌కి వెళ్ళడు. ఆ మాట కూడా కొట్టేశాను.

ఇక మిగిలింది నుయ్యి. మా గోదావరి వైపు బావి అనరు, నుయ్యి అంటారు. నూతిలో నీళ్ళు, నూతి గిలక, ముందు నుయ్యి వెనక గొయ్యి. ‘మెట్ల నుయ్యి’ అని రాసి చూసుకున్నాను. కొంచెం వింతగా ఉంది కానీ దిగుడుబావి గుర్తుకురావడం లేదు. పైగా దానితో వాక్యం దానంతటదే వచ్చేసింది. "లెవి మెట్ల నూతిలో పడి చనిపోయాడు."

ఆ వాక్యం చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. ఎందుకంటే ‘నూతిలో పడి చనిపోయింది’ అనే మాట మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

మా అమ్మమ్మ చెల్లెలు, మాకు చిన్నమ్మమ్మ, ఇరవై రెండేళ్ళకే అత్తగారింటి పెరట్లో నూతిలో పడి పోయింది. 1960ల నాటి మాట. ఫొటో లేదు. పండక్కి అందరూ చేరినప్పుడు ఎవరి పోలికో మాట్లాడుకుంటుంటే ఆమె పేరు ఒకసారి వస్తుంది, "పాపం, నూతిలో పడిపోయింది" అంటారు, ఆ మాటతో సంభాషణ పక్కకి మళ్ళుతుంది. మన భాషలో ఈ ‘పడటం’ చాలా సర్దుబాటున్న క్రియ. కాలు జారినా పడటమే, దూకినా పడటమే, ఎవరైనా తోసినా పడటమే. "వెళ్ళి నూతిలో పడు" అని తిట్టేటప్పుడు ‘పడు’ అంటే దూకమనే కదా. కాలు జారడం కూడా తక్కువదేం కాదు. ఆడమనిషి గురించి "కాలు జారింది" అంటే వినేవాళ్ళు నేల తడిగా ఉందా అని అడగరు.

లెవి సంగతి చెప్పి మళ్ళీ ఇక్కడికొస్తాను.

ఆయన వృత్తిరీత్యా కెమిస్టు. 1943 డిసెంబరులో పట్టుబడి, 1944 ఫిబ్రవరిలో ఆష్విట్జ్‌కి చేరాడు. చేతి మీద 174517 అని పచ్చబొట్టు పొడిచారు. బతికి వచ్చి, అక్కడ చూసింది రాశాడు. మొదటి పుస్తకం 1947లో వచ్చింది. తర్వాత నలభై ఏళ్ళూ దాదాపుగా ఆ ఇంట్లోనే ఉన్నాడు. చనిపోయిన రోజు ఉదయం ఆ భవనం చూసుకునే ఆవిడ ఎప్పటిలాగే ఉత్తరాలు తెచ్చిచ్చింది. తలుపు తీసి తీసుకున్నాడు. థాంక్స్ చెప్పాడు. కొద్ది నిమిషాల తర్వాత కింద చప్పుడు.

అధికారులు ఆత్మహత్య అని తేల్చారు. ప్రపంచం కూడా వెంటనే ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, దానికి అర్థం కూడా కట్టింది. ఆష్విట్జ్‌లో చావాల్సినవాడు నలభై ఏళ్ళు ఆలస్యంగా చనిపోయాడన్నట్టు ఎలీ వీజెల్ అన్నమాట అన్నిచోట్లా ప్రచారమైంది. గొప్ప మాటలాగే ఉంటుంది. కొందరికి కోపం కూడా వచ్చింది, బతకడం గురించి మాకు ఇన్ని చెప్పినవాడు ఇలా చేస్తాడా అని. అంటే ఆయన పుస్తకాలన్నీ ఆ ఒక్క నిమిషం నుంచి వెనక్కి చదవడం మొదలైంది. దూకితే పుస్తకాలు ఓడిపోయినట్టు, జారితే గెలిచినట్టు!

1999లో డియేగో గంబెట్టా అనే సామాజికశాస్త్రవేత్త ఆధారాలన్నీ మళ్ళీ తిరగేశాడు. ఉత్తరం రాసిపెట్టలేదు. రాబోయే రోజుల్లో చేయాల్సిన పనుల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు. మందులు వాడుతున్నాడు, వాటికి కళ్ళు తిరగొచ్చు. మెట్ల పక్క రెయిలింగు ఎత్తు తక్కువ. ఇవన్నీ ఒకవైపు. ఇంకోవైపు తీవ్రమైన డిప్రెషన్ ఉంది, ఇంట్లో తొంభై దాటిన తల్లి మంచాన ఉంది. 2002లో వచ్చిన రెండు పెద్ద జీవితచరిత్రలూ ఆత్మహత్య వైపే మొగ్గాయి. ఆయన స్నేహితురాలు, నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త రీటా లెవి-మొంటాల్చినీ నమ్మలేదు. ఎవరూ చూడలేదు. సమాధి మీద పేరు, తేదీలు, ఆ ఆరంకెల నంబరూ ఉన్నాయి.

చివరి పుస్తకం 1986లో వచ్చింది. అందులో ఆయన రెండు విషయాలంటాడు, నా మాటల్లో చెబుతాను. ఒకటి, తనలాగే క్యాంపు నుంచి బయటపడి 1978లో ప్రాణం తీసుకున్న జ్యాఁ అమెరీ గురించి: అలాంటి చావు చుట్టూ వివరణలు మబ్బులా కమ్ముకుంటాయని. రెండోది, గ్యాస్ చాంబర్ల దగ్గర పని చేయించిన ఖైదీల గురించి: అక్కడ మనకి తీర్పు చెప్పే శక్తి లేదని. నేరం లేదని కాదు, క్షమించేశామనీ కాదు. ఆ కుర్చీలో కూర్చునే అర్హత మనకి లేదని. అంత కచ్చితంగా రాసిన మనిషి తన సంగతి మనకి ఇలా వదిలి వెళ్ళాడు. ఆయన వదిలాడనడం కూడా తప్పేనేమో, అది కూడా ఒక పక్షం తీసుకున్నట్టే ఉంది.

కాబట్టి ‘మెట్ల నూతిలో పడి’ అన్నదే సరైన అనువాదం అనుకున్నాను. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచే మాట. సంతోషపడ్డాను కూడా. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఏడేళ్ళ కిందట నేనొక కథ రాశాను. చిన్నమ్మమ్మ కథ. అందులో ఆమె తెల్లవారుజామున నూతి గట్టెక్కి దూకుతుంది. దూకడమే ఆమె చేసిన మొదటి సొంత పని అన్నట్టు రాశాను. బాగుందని చాలామంది అన్నారు, మెసేజ్‌లు పెట్టారు. అమ్మ ఆ కథ అమ్మమ్మకి చదివి వినిపించింది. అమ్మమ్మ అంతా విని, "ఇది చూసిందేంటే?" అని అడిగిందట. అంతే, ఇంకేం అనలేదు. నాకు కోపమొచ్చింది. మీరందరూ ‘పడింది’ అనే మాట కింద అరవై ఏళ్ళు ఆమెని దాచేశారు, నేను బయటికి తీశాను, అదీ నా వాదన. ఇప్పటికీ అందులో సగం నిజమనే అనుకుంటాను. పేపర్లలో ‘కడుపునొప్పి తాళలేక’ పోయిన కోడళ్ళందరికీ నిజంగా కడుపునొప్పే ఉందా? ‘ప్రమాదవశాత్తూ’ అనే మాట ఎంతమంది మొగుళ్ళని కాపాడలేదు? చివరికి ఆత్మహత్య అనే మాటలోనూ హత్య ఉంది, చనిపోయినవాళ్ళనే హంతకులుగా నిలబెట్టే హత్య. అందుకే పేపర్లవాళ్ళు బలవన్మరణం అంటారు, ఎవరి బలవంతమో మాత్రం రాయరు.

మరి లెవి దగ్గర ‘పడ్డాడు’ అంటే గౌరవం, చిన్నమ్మమ్మ దగ్గర ‘పడింది’ అంటే దాపరికం ఎలా అవుతుంది? క్రియ ఒకటే. ఆయన పేరున్న రచయిత, ఆమె పేరు లేని కోడలు అనా? ఈ ప్రశ్నకి నేను రెండు మూడు రోజులు తెలివైన జవాబులు చాలా కట్టాను. చివరికి నిలిచింది ఒకటే. లెవి గురించి అడిగారు. తలుపు దగ్గర ఎవరు చూశారు, మందులేమిటి, రెయిలింగు ఎంత ఎత్తు, ఆ వారం ఎవరితో ఏం మాట్లాడాడు. అడిగి, వెతికి, కొట్లాడుకుని, అప్పుడు తెలియదన్నారు. చిన్నమ్మమ్మ గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండా తెలియదన్నారు. అడగకుండా తెలిసిందన్నదాన్ని నేను.

నేనూ అడగలేదు. కథ రాసేముందు ఒక్కసారి కూడా అమ్మమ్మని అడగలేదు. అడిగితే కథ పాడవుతుందని లోపల ఎక్కడో తెలుసనుకుంటా.

రాజమండ్రి వెళ్ళాను. అమ్మమ్మకి ఎనభై నాలుగు. అమ్మావాళ్ళ ఫ్లాట్‌లో కిటికీ పక్క మంచం మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తీస్తూ అడిగాను. "అమ్మమ్మా, ఆ రోజు ఏం జరిగింది?"

"ఇన్నాళ్ళకి అడిగేవు," అంది.

తెల్లారేసరికి కబురొచ్చిందట. వీళ్ళు వెళ్ళేసరికి పైకి తీసేశారు. అమ్మమ్మ నూతి దగ్గరికి వెళ్ళి చూసింది. చప్టా మీద రెండు బిందెలు. ఒకటి నిండుగా ఉంది, ఒకటి ఖాళీగా ఉంది. చేద నీళ్ళలో తేలుతోంది. పిట్టగోడ ఒకవైపు రాళ్ళు ఊడి ఆర్నెల్లయింది, బాగు చేయించమని తనే మొగుడికి చెబుతూ ఉండేదట. ముందురోజు రాత్రి అత్తగారు ఏదో అంది. "రోజూ అనేదే," అంది అమ్మమ్మ. పండక్కి వచ్చేటప్పుడు గోరింటాకు పట్రమ్మని వారం ముందు కబురు పెట్టింది. అప్పటికి మూడు రోజుల నుంచి సరిగ్గా అన్నం తినలేదని పక్కింటావిడ చెప్పింది.

చెప్పడం ఆపి ఒక చిక్కుడుకాయని ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది, పురుగుందేమోనని.

"మరి తాతయ్యగారు వెళ్ళి గట్టిగా అడగలేదా? కేసు పెట్టలేదా?" అన్నాను. తాతయ్యగారంటే వాళ్ళ నాన్న.

"అడిగితే పిల్లాణ్ణి పంపరుగా."

నేను మర్చిపోయాను. మర్చిపోలేదు, తీసేశాను. చిన్నమ్మమ్మకి అప్పటికి రెండేళ్ళ కొడుకు. నా కథలో ఆమెకి పిల్లల్లేరు. బిడ్డని వదిలేసి దూకిందంటే పాఠకులు ఆమెని క్షమించరని, కథ సాఫీగా ఉండదని, ఆ పిల్లాణ్ణి తీసేశాను. ఆ పిల్లాడే వైజాగ్ మావయ్య. వేసవి సెలవులకి అమ్మమ్మావాళ్ళింటికి వచ్చి వెళ్తూ, అక్కడే సగం పెరిగి, నా చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని గోదావరి గట్టు మీద తిప్పిన మావయ్య. ‘పడింది’ అనే ఆ మాటకి బదులుగా వీళ్ళకి దక్కింది అతనే. ఎవరూ అడగలేదని ఇందాక అంత తేలిగ్గా రాశాను. అడగకపోవడానికి కట్టిన ధర సంగతి నాకు తెలియదు.

"నీకేమనిపిస్తుందమ్మమ్మా? జారిందా, లేకపోతే..."

"ఒకో రోజు ఒకోలా అనిపిస్తుందే," అంది. కాసేపాగి, "రెండో బిందె ఖాళీగా ఉందిగా. ఆ బిందె చూస్తే ఒకోసారి ఇంకా పని మిగిలింది కదా, ఎందుకు దూకుతుందీ అనిపిస్తుంది. ఒకోసారి, ఒక బిందె నింపేసరికి ఇంక చాలనిపించిందేమో దానికి అనిపిస్తుంది," అంది.

ఈనెలు తీయడం అయిపోయాక పళ్ళెం పక్కన పెట్టి, "నీ కథ వాడు చదివేడు, తెలుసా?" అంది. తెలియదన్నాను. నాకు ఫోన్ చేసిన ప్రతిసారీ మావయ్య ఉద్యోగం గురించీ, పెళ్ళి గురించీ అడుగుతాడు. కథ గురించి ఏడేళ్ళలో ఒక్కసారీ ఎత్తలేదు. "ఏమన్నాడు?" అన్నాను. "నన్నడిగేడు. అలాగే జరిగిందా పెద్దమ్మా అని. నేను చూళ్ళేదురా అన్నాను."

హైదరాబాద్ వచ్చాక అనువాదం పూర్తి చేసి పంపాను. స్నేహితురాలు ‘మెట్ల నుయ్యి’ దగ్గర పసుపు రంగు పూసి, "ఇది జనానికి అర్థమవుతుందా? అడ్డంగా కొట్టేసి స్టెయిర్‌వెల్ అనే ఉంచుదామా?" అని రాసింది. ఉంచమన్నాను, నుయ్యినే. "పడి" దగ్గర ఆమెకేం అనుమానం రాలేదు. ఆ కథ నా పుస్తకంలోకి తీసుకుందామని ఒక ప్రచురణకర్త అడిగారు, దానికి ఇంకా జవాబు రాయలేదు. వైజాగ్ మావయ్యకి ఇంకా ఫోన్ చెయ్యలేదు.